65,536 దగ్గర ఆగిపోయిన లెక్క

యథార్థ గాథ

2020 సెప్టెంబర్ 29న బ్రిటన్‌లో కొత్త కొవిడ్ కేసులు 7,143. మర్నాడు 7,108. ఆ మర్నాడు 6,914. అక్టోబర్ 2, శుక్రవారం 6,968. రోజూ ప్రభుత్వ డాష్‌బోర్డ్ తెరిచి చూసుకునే జనానికి గీత ఇక పైకి ఎగబాకడం మానేసినట్టే కనిపించింది. ఆంక్షలు పనిచేస్తున్నాయేమో అన్న ఆశ పుట్టడానికి ఆ నాలుగు అంకెలు చాలు.

శనివారం 12,872 అని వచ్చింది. ఆదివారం 22,961.

రెండు రోజుల్లో మూడింతలకు పైగా! మహమ్మారి ఒక్కసారిగా విరుచుకుపడిందనుకుని హడలిపోయారు జనం. నిజానికి ఆ శని, ఆదివారాల్లో వైరస్ కొత్తగా చేసిందేమీ లేదు. అంతకుముందు వారం రోజులుగా దారిలో ఎక్కడో రాలిపోయిన మనుషులు ఒక్కసారిగా లెక్కలోకి వచ్చారు. ఎంతమంది? 15,841 మంది.

ఎలా రాలిపోయారో తెలియాలంటే అంకె నడిచే దారి వెంట వెళ్లాలి. ముక్కులోంచి, గొంతులోంచి తీసిన నమూనా ల్యాబ్‌కు వెళ్లేది. ఫలితాలను ల్యాబ్ ఓ సాదా సీఎస్‌వీ ఫైల్లో పెట్టి పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ అనే ప్రభుత్వ సంస్థకు పంపేది. సీఎస్‌వీ అంటే కామాలతో విడదీసిన అక్షరాలే, దానికి వరుసల పరిమితి అంటూ ఏమీ లేదు. ఆ ఫైళ్లను ఆ సంస్థ కంప్యూటర్లు వాటంతటవే తీసుకుని ఎక్సెల్ టెంప్లేట్లలో నింపేవి. అక్కడి నుంచి కేంద్ర డేటాబేస్‌కు ఎక్కించేవారు. ఆ తర్వాత దారి రెండుగా చీలేది. ఒకటి క్లౌడ్ మీద నడిచే డాష్‌బోర్డ్‌కు. రెండోది ‘టెస్ట్ అండ్ ట్రేస్’ సిబ్బందికి, అంటే పాజిటివ్ వచ్చినవాళ్లకు ఫోన్ చేసి, మీరు ఎవరెవరిని కలిశారని ఆరా తీసేవాళ్లకు.

ఒక చివర కోట్ల పౌండ్ల ల్యాబులు, ఇంకో చివర దేశమంతా చూసే డాష్‌బోర్డ్. మధ్యలో ఎక్సెల్. అదీ పాత ఎక్సెల్!

టెంప్లేట్‌కు వాడింది ఎక్స్‌ఎల్‌ఎస్ అనే పాత ఫైలు రకం. అందులో పట్టే వరుసలు 65,536. మైక్రోసాఫ్ట్ 2007లోనే కొత్త రకం తెచ్చింది, దాంట్లో 10,48,576 వరుసలు పడతాయి. పదమూడేళ్లు గడిచినా ఇక్కడ మాత్రం పాతదే నడుస్తూ వచ్చింది. 65,536 ఏమంత తక్కువ అనిపించవచ్చు. కానీ ఒక్కో పరీక్ష ఫలితానికి ఒక్క వరుస సరిపోదు, చాలా వరుసలు పడతాయి. దాంతో ఒక్కో టెంప్లేట్ దాదాపు 1,400 కేసులకే నిండిపోయేది. వేసవిలో కేసులు తక్కువ కాబట్టి ఎవరికీ ఏమీ తెలియలేదు. సెప్టెంబర్ చివరికి కేసులు పెరిగాయి, టెంప్లేట్ నిండింది. నిండాక వచ్చినవి బయటే ఉండిపోయాయి.

ఎర్రగీత పడలేదు, గంట మోగలేదు. అదే పాత ఎక్సెల్లో మనిషి చేత్తో పెద్ద ఫైలు తెరిచి ఉంటే, ఫైలు పూర్తిగా ఎక్కలేదని ఓ హెచ్చరిక కనిపించేది. ఇక్కడ తెరుస్తున్నది మనిషి కాదు. పట్టినంత తీసుకుని, పట్టనిది వదిలేసి, పని అయిపోయిందనుకుని మెషీన్ ముందుకు సాగిపోయింది.

రోజువారీ లెక్క చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. సెప్టెంబర్ 25న జారిపోయినవి 957. 26న 744. 27న 757. 28న ఒక్కటీ లేదు! బహుశా ఆ ఒక్కరోజే ఎవరికైనా అనుమానం వచ్చే అవకాశాన్నీ చెరిపేసింది. 29న 1,415, 30న 3,049, అక్టోబర్ 1న 4,133, 2న 4,786. డాష్‌బోర్డ్ మీద గీత పడుకున్న రోజుల్లోనే అడుగున గొయ్యి లోతవుతూ వచ్చిందన్నమాట. ఏడువేల దగ్గర స్థిరంగా నిలబడ్డ ఆ సంఖ్య వెనక, చివరి రోజున దాదాపు ఐదువేల మంది లేరు.

ఇక్కడ ఓ ఇంటిని ఊహించుకుందాం. లివర్‌పూల్‌లో ఒకామె, పాజిటివ్. ఆమెకు ఫలితం అందింది. జారిపోయిన కేసులన్నిటిలోనూ రోగులకు మాత్రం ఫలితం సరిగ్గానే చేరింది, ఆ మాట చెప్పుకోవాలి. ఆమె తలుపు వేసుకుని ఇంట్లోనే ఉంది. తనకు ఫోన్ వస్తుందని, ఆఫీసులో పక్క సీటు ఆయన పేరు అడుగుతారని ఎదురుచూసింది. ఫోన్ రాలేదు. పక్క సీటు ఆయనకు ఆ సంగతే తెలియదు. ఆయన మామూలుగానే పనికి వెళ్లాడు, సాయంత్రం వాళ్లమ్మను చూడటానికీ వెళ్లాడు. ఆమె, ఆయన నా ఊహే. అలాంటి ఇళ్లు మాత్రం వేలల్లో ఉన్నాయి.

ఇందులో విధి వెక్కిరింత ఒకటుంది. సరిగ్గా ఆ సెప్టెంబర్ 28 నుంచే ఇంగ్లండ్‌లో కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. టెస్ట్ అండ్ ట్రేస్ వాళ్లు చెప్పాక ఇంట్లో ఉండకుండా బయట తిరిగితే 1,000 పౌండ్ల నుంచి 10,000 పౌండ్ల దాకా జరిమానా. జనానికి అంత కఠినమైన రూలు పెట్టిన ప్రభుత్వం, ఆ జనానికి చెప్పాల్సిన కబురునే దారిలో పోగొట్టుకుంది.

అక్టోబర్ 2, శుక్రవారం రాత్రి. సంస్థలో ఎవరో తేడా పట్టుకున్నారు. ఆ గదిలో ఏ మాటలు నడిచాయో నాకు తెలియదు కాబట్టి కల్పించి రాయను. తెలిసిందేమిటంటే, రాత్రికి రాత్రే ఫైళ్లు తవ్వారు, జారిపోయిన పేర్లన్నీ ఏరారు. అర్ధరాత్రి దాటాక, శనివారం ఒంటిగంటకల్లా మొత్తం జాబితాను ట్రేసింగ్ సిబ్బందికి అందజేశారు. తాత్కాలికంగా వాళ్లు చేసిన మరమ్మతు వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. పెద్ద ఫైళ్లను చిన్న చిన్న ముక్కలు చేసి ఎక్కించడం మొదలుపెట్టారు, అంతే!

సోమవారం ఆరోగ్య మంత్రి మాట్ హాన్‌కాక్ పార్లమెంటులో నిలబడ్డారు. తప్పు పాత వ్యవస్థదన్నారు, దాన్ని మార్చాలని ముందే నిర్ణయించామన్నారు. పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్‌నే రద్దు చేస్తున్నట్టు ఆయన ఆగస్టులోనే ప్రకటించి ఉన్నారు. నింద మోయడానికి ఎలాగూ పోయే సంస్థ ఒకటి సిద్ధంగా దొరికింది.

ఎక్సెల్‌ను తిట్టడం తేలిక. ఆ రోజుల్లోనే శాస్త్రవేత్తలు కొన్ని మానవ జన్యువుల పేర్లే మార్చుకోవాల్సి వచ్చింది, మార్చ్1 అనే జన్యువు పేరును ఎక్సెల్ మార్చి ఒకటో తేదీగా మార్చేస్తోందని. అయినా నా దృష్టిలో ఇక్కడ అసలు నేరం ఎక్సెల్‌ది కాదు. గుంటూరు యార్డు నుంచి మిర్చి లారీ బయల్దేరితే, వేబిల్లులో ఎన్ని టిక్కీలు రాశారో గోదాములో అన్నీ దిగాయో లేదో గుమస్తా లెక్కపెట్టుకుంటాడు. ల్యాబ్ పంపినవెన్ని, డేటాబేస్‌లో దిగినవెన్ని అని ఆ గుమస్తాలా అడిగే ఏర్పాటు అక్కడ ఉండి ఉంటే, సెప్టెంబర్ 25 రాత్రే 957 తేడా దొరికేది.

తీమో ఫెట్జర్, థామస్ గ్రేబర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు తర్వాత ఈ ఘటనను శోధించారు. ఏ ప్రాంతంలో ఎక్కువ కేసులు జారిపోయాయో, అక్కడ ఆ తర్వాతి వారాల్లో వ్యాధి ఎంత పాకిందో పోల్చి చూశారు. ట్రేసింగ్ ఆలస్యం వల్ల అదనంగా 1,25,000కు పైగా జనానికి వ్యాధి సోకిందని, 1,500కు పైగా ప్రాణాలు పోయాయని వాళ్ల అంచనా. ఆ పరిశోధన 2021లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో అచ్చయింది. ఆ ఏడాదే అక్టోబర్ 1న పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ కథ ముగిసింది, దాని బాధ్యతలు ఇతర సంస్థల చేతికి వెళ్లాయి.

ఇది చదువుతున్నవాళ్లలో హోల్‌సేల్ షాపుల వాళ్లు, మందుల డిస్ట్రిబ్యూటర్లు, రైస్ మిల్లుల వాళ్లు ఉంటారు. వాళ్లలో కొందరి దగ్గరా ఇలాంటి దారే ఉంటుంది: టాలీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పడే బిల్లులు పవర్ బీఐ అనే డాష్‌బోర్డ్ సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లి, ఫోన్లో రంగురంగుల గ్రాఫులై కనిపిస్తుంటాయి. ‘లైవ్’ అని చెప్పే అమర్చి ఉంటారు. మామూలు ప్రో లైసెన్సులో షెడ్యూల్ పెట్టుకుంటే అది రోజుకు ఎనిమిదిసార్ల దాకా రిఫ్రెష్ అవుతుంది, అంతే. ఆఫీసు డేటాను క్లౌడ్‌కు పంపే గేట్‌వే నడిపే కంప్యూటర్ ఎవరో ఆపేస్తే రిఫ్రెష్ ఆగుతుంది, పాత గ్రాఫు మాత్రం అలాగే మెరుస్తుంటుంది. వరసగా నాలుగుసార్లు ఫెయిలైతే షెడ్యూలే రద్దవుతుంది, ఆ కబురు సెటప్ చేసిన కుర్రాడి మెయిల్‌కు పోతుంది. ఆ కుర్రాడు ఉద్యోగం మారి ఉంటే ఆ మెయిల్ చూసే దిక్కుండదు.

కాబట్టి రేపు షాపు కట్టేసే ముందు ఒక్క పని చేయండి. టాలీ డేబుక్‌లో ఆ రోజు పడ్డ సేల్స్ వోచర్లెన్నో, మొత్తమెంతో చూడండి. డాష్‌బోర్డ్ రిఫ్రెష్ అయ్యాక అందులోని అదే రోజు సంఖ్యనూ మొత్తాన్నీ పక్కన పెట్టి చూడండి. తేడా ఒక్క వోచరే అయినా సరే, అది ఎక్కడ ఆగిపోయిందో తేలేదాకా ఆ గ్రాఫు చూసి సరుకు ఆర్డరు పెట్టకండి.