ముండ్లబాటకు తగిన చక్రము



లారీ టైరును గూర్చి ప్రసంగించుటకు వ్యాకరణము చదివిన పంతులేల యని మీలో కొందరికి తోచవచ్చును. అమరసింహుడు తన కోశమున చక్రపు అంచునకు నేమి యనియు, ప్రధి యనియు రెండు పేర్లు చెప్పియున్నాడు. బండి యవయవములలో నేలను తాకునది ఈ నేమి యొక్కటే. తక్కినవన్నియు బండివాని కోరికను అనుసరించినను నేమి మాత్రము నేలను అనుసరింపవలయును. ఈ యొక్క మాటను మనస్సున నుంచుకొని, మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతముల రాతిదారులలోను ముండ్లబాటలలోను తిరుగు లారీలకు ఎట్టి టైరు తగునో, ఆ టైరు మనవరకు ఏ త్రోవను వచ్చినదో విన్నవింపదలచితిని.

ముందుగా నేల సంగతి. హైదరాబాదునకు ఉత్తరముగా నాగపూరు బాటమీద మేడ్చల్, కరీంనగరు బాటమీద శామీర్‌పేట ఉన్నవి. ఈ రెండింటి క్రిందను ఉన్నది సుమారు 250 కోట్ల సంవత్సరముల వయస్సు గల గ్రానైటు శిల. దానిపైన ఎర్రని చెలక నేల, మొరము, అక్కడక్కడ పలుగురాయి. ఎండకును వానకును నానియెండిన గ్రానైటు తనంతట తానే గుండ్రనై బండయగును. మందుపెట్టి పగులగొట్టిన గ్రానైటు మాత్రము కత్తివాదరవంటి అంచులతో విచ్చును. కావున గుట్టమీది బండ చక్రమునకు శత్రువు కాదు. క్వారీలో పగిలి బాటమీద జారిపడిన రాయి శత్రువు.

మన పెద్దల కాలపు బండిచక్రము ముల్లునకు భయపడలేదు. నల్లతుమ్మ కొయ్యతో కుండను, ఆకులను, పైవలయమును వడ్లవాడు చేసెడివాడు. కమ్మరి ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి దానికి తొడిగి నీరు పోసెడివాడు. చల్లారిన పట్టా బిగిసి, కొయ్యనంతయు ఒక్కటిగా కట్టి నిలుపును. ముల్లునిచ్చు చెట్టే ముల్లును త్రొక్కు చక్రమును గూడ ఇచ్చుట ఆ కాలపు విశేషము. ఆ చక్రమునకు వేరొక దోషము కలదు. బరువంతయు సన్నని ఇనుప పట్టామీద మోపుటచేత అది బాటను కోసి గాడులు చేయును. వానాకాలమున ఆ గాడులలో దిగబడి లాగలేక ఎడ్లు రొప్పుట మీలో పెక్కుమంది చూచినదే.

ఈ బాధకు మందుగా వచ్చినది రబ్బరు. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌యియర్ గంధకముతో కలిపి కాచిన రబ్బరు ఎండకు కరగక చలికి పెళుసుబారక నిలుచునని కనుగొనెను. 1845లో రాబర్ట్ థామ్సన్ అను స్కాట్లండువాడు గాలి నింపిన చక్రమునకు పేటెంటు పొందెను గాని, ఆనాడు దానిని ఎవరును పట్టించుకొనలేదు. 1888లో బెల్‌ఫాస్టు పట్టణమున పశువైద్యుడగు జాన్ బాయిడ్ డన్లప్ తన కుమారుని మూడుచక్రముల బండికొరకు దానిని మరల కనిపెట్టెను. అప్పటినుండి గాలిచక్రము లోకమంతట వ్యాపించెను.

రబ్బరు చెట్టు జన్మస్థానము దక్షిణ అమెరికాలోని బ్రెజిలు అడవి. 1876లో హెన్రీ విక్‌హామ్ అను ఆంగ్లేయుడు అచ్చటినుండి సుమారు 70,000 విత్తనములను లండనునకు తెచ్చెను. వానినుండి మొలిచిన మొక్కలు సింహళమునకును మలయాకును చేరెను. మన దేశమున 1902లో కేరళలోని తట్టేక్కాడు నొద్ద, పెరియారు ఒడ్డున, వాణిజ్యముకొరకు తొలితోట వేసిరి. ఇక వింత వినుడు. విక్‌హామ్ విత్తనములు తెచ్చిన మరుసటి సంవత్సరముననే, అనగా 1877లో, మన కడప మండలపు కమలాపురమున వంటచెరకుకొరకు మరియొక అమెరికా చెట్టును నాటిరి. దాని విత్తనములు జమైకానుండి వచ్చెను. నేడు చెరువుకట్టలమీదను బీళ్లలోను అల్లుకొనియున్న సర్కారు తుమ్మ అదియే. టైరునకు ప్రాణమగు రబ్బరును, టైరునకు శత్రువగు ముల్లును, అమెరికా ఖండములనుండి ఒకే ప్రభుత్వపు కాలమున, ఏడాది తేడాతో ప్రయాణమైనవి.

మన ప్రాంతమున మోటారు ప్రయాణము 1932 జూన్ నెలలో నిజాము రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను నెలకొల్పినప్పటినుండి క్రమబద్ధమైనది. 1936లో డన్లప్ కంపెనీ బంగాళమందలి సాహాగంజులో టైరుల కర్మాగారము తెరచెను. ఎడ్లబండికి గూడ గాలిటైరు వచ్చెను. మన రైతులు దానిని డన్లప్ బండి యని పిలిచిరి. కంపెనీ పేరే బండికి పేరైనది. ఆ బండికి ఎడ్ల శ్రమ తగ్గినది, బాట బాగుపడినది, బరువు అధికమైనది. కాని ఇనుప పట్టా ఎన్నడును ఎరుగని పంక్చరు అను క్రొత్త మాట ఆనాడే పల్లెలో అడుగుపెట్టినది. లారీవాండ్రు అదనపు చక్రమును స్టెప్నీ యందురు గదా. ఆ మాట వేల్సు దేశమున లనెల్లి పట్టణపు స్టెప్నీ వీధి పేరు. 1904లో ఆ వీధిలోని అంగడివారు అట్టి చక్రమును తొలుత తయారుచేసిరి.

తొలినాటి లారీలకు గాలిలేని గట్టి రబ్బరు చక్రములుండెడివి. ముల్లు వానిని ఏమియు చేయజాలదు. కాని అవి బండిని కుదిపి, బాటను పగులగొట్టి, వేగముగా పోయినచో వేడెక్కి చెడెడివి. 1917లో అమెరికాలో గుడ్‌యియర్ కంపెనీవారు ఆక్రన్ పట్టణమునుండి బోస్టనునకు గాలిటైరుల లారీని నడిపి, బరువులకు గూడ గాలి పనికివచ్చునని చూపిరి. ఇప్పుడును క్వారీలలో మెల్లగా తిరుగు కొన్ని యంత్రములకు గట్టి చక్రములే వేయుదురు. దూరము పోవు లారీకి అవి పనికిరావు. ముల్లు భయము పూర్తిగా లేని చక్రము కావలెనన్న వేగమును, ఎత్తు బరువును, కుదుపు లేమిని వదలుకొనవలయును.

టైరు లోపలి సంగతి చెప్పెదను. రబ్బరు పైపూత మాత్రమే. బరువు మోయునది లోపలి దారముల పొరలు. వీనినే ప్లైలు అందురు. పూర్వము నూలు పొరలను లెక్కించి 10 ప్లై, 12 ప్లై అనెడివారు. నైలాను వచ్చిన పిమ్మట తక్కువ పొరలతోనే ఆ బలము కలిగెను. కావున నేడు టైరుమీది 16 పి.ఆర్. అను గుర్తు బలమునకు కొలతయే గాని పొరల లెక్క కాదు.

లారీవాండ్రు నైలాన్ టైరు అనుదానిలో పొరలు ఏటవాలుగా ఒకదానిపై నొకటి అడ్డముగా పోవును. రేడియల్ టైరులో ఉక్కుతీగలు ఒక అంచునుండి మరియొక అంచునకు నేరుగా పోవును. నేలను తాకు భాగముక్రింద ఉక్కు పట్టీలుండును. దీనికి 1946లో ఫ్రాన్సుదేశపు మిషెలిన్ కంపెనీ పేటెంటు పొందెను. రేడియల్ టైరు తక్కువగా వేడెక్కును, ఎక్కువ దూరము వచ్చును, డీజిలు ఆదాచేయును. అడుగుభాగమున గ్రుచ్చుకొనువానిని ఉక్కుపట్టీలు కొంతవరకు అడ్డుకొనును. కాని దాని ప్రక్కగోడ పలుచన. నైలాన్ టైరు ప్రక్కగోడలో పెక్కు పొరలుండుటచేత అది రాతిదెబ్బను ఎక్కువగా ఓర్చుకొనును. అయితే నాగపూరు బాటమీద ఎండలో వేగముగా పోయినచో త్వరగా వేడెక్కును.

శామీర్‌పేట బాటప్రక్కన పంక్చరు వేయు ఒక వృత్తికారుని అంగడిలో నేనొకనాడు కూర్చుంటిని. టైరులనుండి పెరికిన వస్తువులను అతడు ఒక డబ్బాలో వేసియుంచెను. అందులో ముండ్లు కొన్నియే. క్రొత్త ఇండ్ల ప్లాట్లనుండి వచ్చిన మేకులు, ఇనుపకడ్డీ ముక్కలు హెచ్చు. అతడు నాతో, “సారూ, ముల్లు టైరును ఆపుతది, రాయి టైరును చంపుతది” అనెను. ఈ మాట శాస్త్రమునకు సరిపోవుచున్నది. అడుగున పడిన రంధ్రమును పూడ్చవచ్చును. ప్రక్కగోడ తెగి దారములు కోసికొనిపోయినచో ఆ టైరును ఇక నమ్మరాదు.

కాబట్టి టైరు కొనుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలయును. లారీ దినములో ఎక్కువ దూరము ఎచ్చట తిరుగును? అచ్చటి నేలమీద ఉన్నది ముల్లా, మేకా, పగిలిన రాయా? మోయు బరువెంత? క్వారీలోనే మెల్లగా తిరుగు టిప్పరునకు లోతైన గట్లును దళసరి ప్రక్కగోడయు గల నైలాన్ టైరు, లేదా రాతిదారికే చేసిన రేడియల్ టైరు తగును. కంకర నింపుకొని ఔటర్ రింగు రోడ్డుమీదుగా దూరము పోవు లారీకి రేడియల్ మేలు. చెలకలలోను తుమ్మ బీళ్లలోను తిరుగు బండికి అడుగున మందమే రక్ష. ఎండిన తుమ్మముల్లు క్రొత్త లారీ టైరు అడుగును సాధారణముగా దాటలేదు. అరిగి గుండైన దానిని దాటును. పంక్చరులలో పెక్కుభాగము అరిగిన టైరులకే వచ్చుటకు కారణమిదియే.

కొనునప్పుడు ఐ.ఎస్.ఐ. గుర్తును, ప్రక్కగోడమీది నాలుగంకెల తేదీని చూడవలయును. ఆ నాలుగంకెలలో మొదటి రెండు వారమును, తరువాతి రెండు సంవత్సరమును తెలుపును. 2324 అని యున్న 2024వ సంవత్సరపు 23వ వారమున చేసినదని యర్థము. పాతబడిన రబ్బరు బిరుసెక్కి పగుళ్లుదేరును. రీట్రేడింగు చేయించిన టైరును వెనుక వేసికొనవచ్చును గాని ముందు చక్రములకు వేయుట మంచిది కాదు. వెనుకటైరు ప్రేలిన బండి కుంటును. ముందుటైరు ప్రేలిన స్టీరింగు చేతిలో నిలువదు.

ఎంత మంచి టైరైనను గాలి సరిగా లేనిచో వ్యర్థము. గాలి తక్కువైనచో ప్రక్కగోడ మడిగి మడిగి వేడెక్కి చిట్లును. ఎక్కువైనచో అడుగు డోలుచర్మమువలె బిగిసి, రాయి తాకినంతనే తెగును. చల్లగా నున్న ఉదయముననే గాలి చూడవలయును. వెనుక జంటటైరుల నడుమ ఇరికిన రాయిని క్వారీనుండి బయలుదేరుటకు ముందే తీయవలయును. అది రెండు టైరుల ప్రక్కగోడలను ఒక్కసారిగా కోయగలదు.

ఇదంతయు మీకేల చెప్పుచున్నాననగా, మన గ్రామములలో అప్పుచేసి లారీ కొను యువకులు పెక్కుమంది. ఆ బండి ఒక దినము నిలిచినచో ఆ దినపు కూలి పోవును గాని వాయిదా నిలువదు. ఆ తొందరలో వారు బరువు మీరి నింపుదురు, గుండుటైరును ఇంకొక నెల నడుపుదురు. ముప్పు అచ్చటనే పుట్టుచున్నది. టైరు ఖరీదులో మిగిల్చినది కొన్ని వేలు. పోగొట్టుకొనునది ఒక్కొక్కప్పుడు డ్రైవరు ప్రాణము, ఎదురుగా వచ్చు ఆటోలోనివారి ప్రాణము.

యంత్రముల సంగతి మాకు తెలియదని పెద్దలు తప్పుకొనరాదు. ఏ వాగుదాటున ఏ రాయి తేలినదో, ఏ చెరువుకట్టమీద తుమ్మ కొట్టి కంప వదలినారో, ఏ బాట మొరము వానకు కొట్టుకొనిపోయినదో అంగడివానికి తెలియదు, మీకు తెలియును. పూర్వము చక్రమునకు కొయ్య ఎన్నుకొనునప్పుడు వడ్లవాడు మిమ్ము అడిగి చేసెడివాడు. ఇంటి కుఱ్ఱవాడు టైరు కొనుటకు పట్టణమునకు పోవు దినమున ఆ మూడు ప్రశ్నలును మీరడుగుడు. బాటమీది కంపను తీయించుడు. ప్రతి ఉదయము గాలి చూచితివా యని ఒక్క మాట యనుడు.