హాడో ఆసుపత్రి నుంచి సంగీత చికిత్స వరకు



దక్షిణ అండమాన్‌లోని బాంబూఫ్లాట్ రేవులో పడవ ఎక్కితే కాసేపట్లో అవతలి ఒడ్డున చాతం చేరుకుంటాం. చాతం పక్కనే హాడో. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో ఇదొక భాగం. బ్రిటిష్ పాలనలో మతి చలించిన ఖైదీలను ఉంచిన ఆసుపత్రి ఇక్కడే ఉండేది. దాన్ని 'పిచ్చాసుపత్రి' అనేవారు. మన పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.

పాడిన గొంతు

అలీపూర్ బాంబు కేసులో 1909లో మరణశిక్ష పడిన యువకుడు ఉల్లాస్‌కర్ దత్. తీర్పు విని కోర్టులోనే రవీంద్రుని పాట పాడాడు. అప్పీలులో ఆ శిక్ష యావజ్జీవ ద్వీపాంతరవాసంగా మారింది. సెల్యులార్ జైలులో ఒంటరి కొట్టు, గొడ్డు చాకిరీ ఎదురయ్యాయి. 1912లో పని చేయనన్నందుకు చేతులకు సంకెళ్లు వేసి వేలాడదీశారు. తీవ్రమైన జ్వరం వచ్చింది, మతి తప్పింది. తనపై బ్యాటరీతో విద్యుత్తు ప్రయోగించారని ఆయన తరువాత రాసుకున్నాడు. హాడోకు, అక్కడి నుంచి మద్రాసు ఆసుపత్రికి పంపారు. 1920లో విడుదలయ్యాడు.

ఆయనకు వచ్చిన జబ్బు ఏమిటి? ఇంత కాలం తరువాత మనం దానికి పేరు పెట్టడం న్యాయం కాదు. 'స్కిజోఫ్రీనియా' అనే మాటను స్విస్ వైద్యుడు బ్లాయిలర్ 1908లోనే ప్రతిపాదించాడు. అది జైళ్ల దాకా రావడానికి చాలా కాలం పట్టింది. ఆనాటి ఆసుపత్రి పని రోగిని లోకం నుంచి వేరుచేయడమే. పోయిన శక్తులను తిరిగి తెప్పించడం గురించిన ఆలోచన తక్కువ.

పోయే శక్తులు ఏవి?

స్కిజోఫ్రీనియా అంటే ఒకే మనిషిలో ఇద్దరు ఉండడం అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. లేని మాటలు వినిపించడం, లేని శత్రువులున్నారని నమ్మడం పైకి కనిపించే లక్షణాలు. వాటితోపాటు ఏకాగ్రత, జ్ఞాపకశక్తి, ఒక పనిని వరుసగా ఆలోచించి చేసే నేర్పు కూడా దెబ్బతింటాయి. వీటిని సంజ్ఞానాత్మక సామర్థ్యాలు అంటాం. 1950ల నుంచి వచ్చిన మందులు మొదటి రకం లక్షణాలను బాగా తగ్గించాయి, రెండో రకాన్ని అంతగా తగ్గించలేకపోయాయి. చదువు, ఉద్యోగం నిలవాలంటే ఈ రెండో రకమే ముఖ్యం.

సంగీతం ఎలా వచ్చింది?

ఇంగ్లండులోని పోవిక్ మానసిక ఆసుపత్రిలో 1879 నుంచి 1884 వరకు బ్యాండుకు నాయకత్వం వహించినవాడు ఎల్గార్. తరువాత ప్రఖ్యాత స్వరకర్త అయ్యాడు. అప్పట్లో సంగీతం రోగులకు కాలక్షేపం. రెండవ ప్రపంచ యుద్ధం తరువాతే అది శిక్షణ అవసరమైన వృత్తిగా రూపొందింది. 1950లో అమెరికాలో సంగీత చికిత్సకుల జాతీయ సంఘం ఏర్పడింది.

ఇందులోని తర్కం సులభమే. తాళం తప్పకుండా చప్పట్లు కొట్టాలంటే ధ్యాస నిలపాలి. చరణం గుర్తుంచుకోవాలంటే జ్ఞాపకం పనిచేయాలి. తన వంతు వచ్చేవరకు ఆగాలంటే తనను తాను అదుపు చేసుకోవాలి. బృందంలో పాడాలంటే పక్కవారిని గమనించాలి.

మరి ఫలితం ఉందా? 2017లో కాక్రేన్ సంస్థ 18 అధ్యయనాలను సమీక్షించింది. వాటిలో 1,215 మంది పాల్గొన్నారు. మామూలు చికిత్సకు సంగీతాన్ని జోడిస్తే మానసిక స్థితి, నలుగురిలో మెలగడం, జీవన నాణ్యత మెరుగుపడవచ్చని తేలింది. అయితే ఎన్నిసార్లు చేశారు, ఎంత నైపుణ్యంతో చేశారు అన్నదానిపై ఫలితం ఆధారపడింది. జ్ఞాపకం, ఏకాగ్రతల విషయంలో గట్టిగా చెప్పాలంటే మరిన్ని పెద్ద అధ్యయనాలు కావాలి. కనుక సంగీతం మందులకు బదులు కాదు, వాటికి తోడు.

ముగింపు

ఉల్లాస్‌కర్‌ను పంపిన మద్రాసు ఆసుపత్రికే 1961 నుంచి 1978 వరకు డాక్టర్ శారదా మీనన్ నాయకత్వం వహించారు. స్కిజోఫ్రీనియా రోగుల పునరావాసానికి 1984లో ఆమె చెన్నైలో 'స్కార్ఫ్' సంస్థను స్థాపించారు. రోగిని దాచిపెట్టడం నుంచి తిరిగి మనలో కలుపుకోవడం వరకు సాగిన ఈ ప్రయాణమే అసలు చరిత్ర. సంగీతం అందులో ఒక మెట్టు.

ఆలోచించండి: అండమాన్‌లో బెంగాలీ, తమిళం, తెలుగు, హిందీ మాట్లాడేవారు కలిసి జీవిస్తున్నారు. అక్కడ ఒక రోగికి పాటతో చికిత్స చేయాలంటే ఏ భాష పాట ఎంచుకోవాలి? ఎందుకు?