రాబందుల్ని చంపిందేమిటి?

రాజస్థాన్‌లో భరత్‌పూర్‌ను ఆనుకుని కేవలాదేవ్ జాతీయ వనం ఉంది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్త విభు ప్రకాశ్ అక్కడ వేటపక్షుల మీద పరిశోధన చేసేవారు. 1987-88లో ఆ వనంలో గూళ్లు కట్టుకున్న తెల్లవీపు రాబందులు 353 జంటలు. 1996లో మళ్లీ లెక్క తీస్తే 150 దాకా తేలాయి. 1998-99 నాటికి 20. ఆ తర్వాత కొద్ది కాలానికే ఒక్క జంట కూడా మిగల్లేదు.

గూళ్లు ఖాళీ కావడంతో ఆగలేదు. కొమ్మలకు వేలాడుతూ, పొదల్లో చిక్కుకుని, చెట్ల మొదళ్లలో పడి చచ్చిన పక్షులు కనిపించాయి. 1985 ప్రాంతంలో, ప్రపంచంలోని పెద్ద వేటపక్షులన్నిటిలో ఎక్కువ సంఖ్యలో ఉన్నది బహుశా తెల్లవీపు రాబందేనని శాస్త్రజ్ఞులు రాశారు. విమానాశ్రయాల దగ్గర వీటిని తప్పించుకోవడం పైలట్లకు పెద్ద తలనొప్పిగా ఉండేది. అంతటి పక్షి, 1992కూ 2007కూ మధ్య మన దేశంలో 99.9 శాతం తగ్గిపోయింది. వెయ్యి ఉన్నచోట ఒకటి మిగిలింది. దాని దగ్గరి బంధువులైన పొడుగుముక్కు, సన్నముక్కు రాబందులు కలిపి చూస్తే 97 శాతం దాకా పోయాయి.

ఈ చావుల కారణం తేలడానికి ఏళ్లు పట్టింది. ఒక్కో ఆధారమూ ఒక్కో అనుమానాన్ని కొట్టేస్తూ పోయిన తీరు తెలుసుకుంటే, ఒక ఆవరణ వ్యవస్థ దెబ్బను ఎప్పుడు తట్టుకుంటుందో, ఎప్పుడు తట్టుకోలేదో కూడా తెలుస్తుంది.

మొదటి ఆధారం: మేత

ఏ జీవి సంఖ్య తగ్గినా ముందు చూడాల్సింది తిండి. మన దేశంలో ఆవుల్ని, ఎద్దుల్ని చాలా చోట్ల కోతకు పంపరు. ముసలివైనా జబ్బుపడినా వాటంతట అవే చస్తాయి. తోలు ఒలిచాక కళేబరాన్ని ఊరి బయట పడేయడం తరతరాల అలవాటు. రాబందులు తగ్గుతున్న ఏళ్లలోనూ కళేబరాలకు కొరత రాలేదు. పైగా, తినేవి లేక అవి కుళ్లుతూ పడి ఉన్నాయి. చచ్చిన రాబందుల్లో చాలావాటి ఒంట్లో కండ దండిగానే ఉంది. ఆకలి చావులు కావని తేలిపోయింది.

రెండో ఆధారం: చచ్చిన వాటి వయసు

తర్వాతి అనుమానం పురుగుమందు మీదికి పోయింది. అమెరికాలో డీడీటీ దెబ్బకు పెరెగ్రిన్ డేగల గుడ్డు పెంకులు పలచబడి, పొదిగే తల్లి బరువుకే చితికిపోయిన సంగతి అందరికీ తెలిసిందే. కానీ అలాంటప్పుడు పిల్లలు పుట్టడం ఆగిపోతుంది, పెద్దవి బతికే ఉంటాయి. భరత్‌పూర్‌లో పిల్లలూ చచ్చాయి, గుడ్లు పెట్టే పెద్దవీ చచ్చాయి.

ఈ తేడా చాలా పెద్దది. రాబందు అయిదేళ్లకు గానీ ఈడుకు రాదు, ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది. ఇలాంటి జాతికి ఒక ఏడు పిల్లలు దక్కకపోయినా పెద్దగా నష్టం లేదు, మళ్లీ ఏడు ఉంది. దాని మనుగడంతా పెద్ద పక్షులు ఏళ్ల తరబడి బతికి ఉండడం మీద నిలబడి ఉంటుంది. ఎలుకల్ని సగం చంపినా కొద్ది నెలల్లో మళ్లీ అన్నీ అవుతాయి. రాబందుల్లో పెద్దవాటి చావుల రేటు కాస్త పెరిగినా, పుట్టుకలు ఆ లోటును పూడ్చలేవు. చంపుతున్నదేదైనా, అది ఈ జాతి ఆయువుపట్టు మీదే కొడుతోంది.

మూడో ఆధారం: వాలిన మెడ

జబ్బుపడ్డట్టున్న రాబందులు మెడ వేలాడేసి గంటల తరబడి కూర్చోవడం చాలామంది గమనించారు. అన్ని వయసులవీ చస్తున్నాయి, చావు ఊరి నుంచి ఊరికి పాకుతోంది, చచ్చేముందు ఒకే లక్షణం కనిపిస్తోంది. దాంతో కొత్త వైరస్ అన్న అనుమానం బలపడింది. అంతుపట్టని అంటురోగమైతే ఆఫ్రికా, ఐరోపా రాబందులకూ సోకుతుందేమోనన్న భయం కూడా పట్టుకుంది.

తర్వాతి పరిశీలనల్లో తేలిందేమిటంటే, మెడ వాల్చిన పక్షులన్నీ చావలేదు. ఎండ వేడిని తట్టుకోవడానికి కూడా అవి అలా కూర్చుంటాయి. అందరి కళ్లూ పడ్డ ఆ లక్షణమే దారి తప్పించింది.

నాలుగో ఆధారం: గుండె మీద తెల్లటి పూత

2000లో అమెరికాకు చెందిన పెరెగ్రిన్ ఫండ్ అనే సంస్థ, పాకిస్తాన్ పక్షి శాస్త్ర సంఘంతో కలిసి అక్కడి పంజాబ్‌లో పని మొదలుపెట్టింది. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన పశువైద్య శాస్త్రజ్ఞుడు లిండ్సే ఓక్స్ కోత పరీక్షలకు నాయకత్వం వహించారు. పరీక్షించిన 259 రాబందుల్లో 219 లోపల ఒకే దృశ్యం కనిపించింది. గుండె, కాలేయం, మూత్రపిండాల మీద సున్నం పూసినట్టు తెల్లటి పొర.

పక్షులు ఒంట్లోని నత్రజని వ్యర్థాన్ని యూరిక్ ఆమ్లంగా మార్చి బయటికి పంపుతాయి. బయటికి పంపే పని మూత్రపిండాలది. అవి చెడితే యూరిక్ ఆమ్లం రక్తంలో పేరుకుని, స్ఫటికాలై అవయవాల మీద గడ్డకడుతుంది. అంటే ఆ తెల్లటి పొర అసలు జబ్బు కాదు, మూత్రపిండాలు ఉన్నట్టుండి పనిచేయడం మానేశాయనడానికి సాక్ష్యం. ఇక తేలాల్సింది, వాటిని ఏం చెడగొట్టిందన్నదే. వైరస్‌ల కోసం, బ్యాక్టీరియా కోసం వెతికారు. సీసం, పాదరసం, కాడ్మియం చూశారు. పురుగుమందులు చూశారు. దేనిలోనూ జవాబు దొరకలేదు.

అయిదో ఆధారం: మందుల దుకాణం

ఓక్స్ బృందం అప్పుడు ప్రశ్ననే మార్చింది. రాబందు దాదాపుగా తినేదంతా చచ్చిన పశువుల్నే. మరి ఆ పశువు చచ్చేముందు ఏం తీసుకుంది? పశువైద్యుల్ని, మందుల దుకాణాల వాళ్లని అడిగి, వాడుతున్న మందుల జాబితా రాశారు. అందులో మూత్రపిండాలకు హాని చేయగలిగినది, తిండి ద్వారా ఒంట్లోకి ఎక్కగలిగినది ఏదని జల్లెడ పడితే ఒక్కటే మిగిలింది. డైక్లోఫెనాక్. మోకాళ్ల నొప్పికి మనుషులూ వేసుకునే మందే. 1990లలో చవగ్గా దొరకడం మొదలయ్యాక, పశువులకు జ్వరమొచ్చినా, కుంటినా, పొదుగు వాచినా ఈ ఇంజెక్షన్ ఇచ్చేవారు.

తెల్లటి పొరతో చచ్చిన 25 రాబందుల మూత్రపిండాలు పరీక్షిస్తే, 25లోనూ డైక్లోఫెనాక్ ఉంది. వేరే కారణాలతో చచ్చిన 13 పక్షుల్లో ఒక్కదానిలోనూ లేదు. ఆ మందు ఇచ్చిన గేదెల, మేకల మాంసం రాబందులకు పెట్టి చూస్తే, అదే తెల్లటి పొరతో చచ్చాయి. 2004లో నేచర్ పత్రికలో ఈ ఫలితాలు వెలువడ్డాయి. భారత్, నేపాల్‌లలో చచ్చిన పక్షుల్లోనూ అదే మందు, అదే పొర కనిపించాయి.

ఆరో ఆధారం: ఒక్క శాతంలోపు

ఒక సందేహం మిగిలింది. పశువులన్నిటికీ ఈ మందు ఇవ్వరు కదా, మరి జాతులకు జాతులే ఎలా తుడిచిపెట్టుకుపోతాయి? పర్యావరణ శాస్త్రవేత్త రిస్ గ్రీన్, ఆయన సహచరులు లెక్క కట్టారు. ప్రాణాంతకమైన మోతాదు నూటికి 0.13 నుంచి 0.75 కళేబరాల్లో ఉన్నా చాలు, రాబందులు నిజంగా తగ్గినంత వేగంగానూ తగ్గిపోతాయని తేలింది. ఒక కళేబరం మీద పదుల కొద్దీ పక్షులు వాలతాయి. మూడు నాలుగు రోజులకోసారి మరో కళేబరం మీద వాలతాయి. బతికినంత కాలం ఈ జూదం తప్పదు. తర్వాత మన దేశంలో కళేబరాలను పరీక్షిస్తే, పదింట ఒకదానిలో డైక్లోఫెనాక్ దొరికింది. చావుకు దగ్గరైన పశువుకే నొప్పి మందు ఎక్కువగా ఇస్తారు కాబట్టి, ఆ మందు నేరుగా రాబందుల పంక్తిలోకి చేరింది.

మూడు జాతులున్నా ఎందుకు ఆగలేదు?

నాకు ఈ కథనంలో అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇక్కడుంది. కళేబరాలు శుభ్రం చేయడానికి మనకు ఒక్క జాతి కాదు, ప్రధానంగా మూడు జాతుల రాబందులు ఉండేవి. ఒకటి పోతే ఇంకొకటి ఆ పని అందుకోవాలి. జీవవైవిధ్యం ఆవరణ వ్యవస్థకు బీమా అని పాఠాల్లో చెప్పేది దీన్నే. కానీ ఆ మూడూ ఒకే కుదురుకు చెందినవి. ఒకే పంక్తిలో తింటాయి, ఒకే విషానికి ఒకేలా లొంగిపోతాయి. అమెరికాలో ఉండే టర్కీ రాబందు వేరే వంశానిది. ఇదే మందును మన రాబందుల్ని చంపే మోతాదుకు వంద రెట్లకు మించి ఇచ్చినా దానికేమీ కాలేదు. అలాంటి తేడా మన పంక్తిలో ఒక్కదానికైనా ఉండుంటే, పని ఆగేది కాదు. ఎన్ని జాతులున్నాయన్నది సగం లెక్క. ఒకే దెబ్బకు అవన్నీ ఒకేలా పడిపోతాయా, వేర్వేరుగా నిలుస్తాయా అన్నదే మిగతా సగం. తట్టుకుని తేరుకునే శక్తి ఆ తేడాలోనే ఉంది.

ఖాళీ అయిన పంక్తిలోకి కుక్కలు వచ్చాయి. కానీ రాబందుల గుంపు నిమిషాల్లో ముగించే పనిని అవి రోజుల తరబడి చేస్తాయి, పైగా రేబీస్‌ను మోస్తాయి. 1992కూ 2003కూ మధ్య దేశంలో కుక్కలు కనీసం 55 లక్షలు పెరిగాయని, దానివల్ల రేబీస్‌తో అదనంగా 48,000 మంది చనిపోయి ఉంటారని 2008లో ఒక అధ్యయనం అంచనా వేసింది. ఎయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ 2024లో ప్రచురించిన పరిశోధన ఇంకా ముందుకు వెళ్లింది. రాబందులు దండిగా ఉండాల్సిన జిల్లాలను, అవి మొదటి నుంచీ తక్కువగా ఉన్న జిల్లాలతో పోల్చి, 2000 నుంచి 2005 దాకా ఈ పక్షులు లేకపోవడం వల్ల అదనంగా 5 లక్షల మంది చనిపోయారని లెక్క తేల్చింది. కుక్కకాట్లతో పాటు, కుళ్లిన కళేబరాలతో పాడైన నీరూ ఇందుకు కారణమని చెప్పింది.

తెలిశాక చేసింది, చేయాల్సింది

2006లో పశువులకు డైక్లోఫెనాక్‌ను భారత్, పాకిస్తాన్, నేపాల్ నిషేధించాయి. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు పశువులకు మళ్లుతుంటే, 2015లో మన ప్రభుత్వం వాటిని 3 మిల్లీలీటర్లకు పరిమితం చేసింది. మెలోక్సికామ్ అనే మందు పశువుల నొప్పికి పనిచేస్తుంది, రాబందుల్ని చంపదు. హర్యానాలోని పింజోర్‌లో రాబందుల్ని పెంచి అడవికి వదులుతున్నారు. ఇప్పటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో, ప్రాణహిత దగ్గరి పాలరాపు గుట్ట మీద పొడుగుముక్కు రాబందుల స్థావరం 2013లో బయటపడింది. అలాంటి చిన్న గుంపుకు ఒక్క విషపు కళేబరం చాలు. అందుకే చుట్టుపక్కల ఊళ్లలో పశువుకు ఏ సూది వేస్తున్నారన్నది చూడడం కూడా ఆ గుట్టను కాపాడే పనిలో భాగమే.

తెల్లవీపు రాబందులు దేశంలో 6,000 ప్రాంతంలో ఉన్నాయని 2015 సర్వే అంచనా. ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టే పక్షి ఆ సంఖ్య నుంచి తేరుకోవాలంటే తరాలు పడుతుంది. ఈలోగా కీటోప్రొఫెన్, ఏసిక్లోఫెనాక్ కూడా రాబందులకు ప్రమాదమని తేలింది. ఏసిక్లోఫెనాక్ పశువు ఒంట్లో డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. పశువులకు ఈ రెండింటినీ నిషేధించడానికి 2023 దాకా పట్టింది. మందు ముందు బజారుకు వచ్చి, పక్షులు చచ్చాక, ఏళ్లకు నిషేధం రావడం ఇకనైనా ఆగాలి. పశువులకు వాడే ఏ కొత్త నొప్పి మందైనా, రాబందులకు హాని చేయదని పరీక్షలో రుజువయ్యాకే అమ్మకానికి అనుమతి ఇవ్వాలి. ఆ పరీక్షకు ఖర్చవుతుంది, ఆలస్యమూ అవుతుంది. పరీక్ష లేకుండా వచ్చిన ఒక మందుకు మనం 5 లక్షల ప్రాణాలు చెల్లించామన్న లెక్క ముందుంచుకుని ఆ ఖర్చును తూచాలి.