గురుశిష్యుల సహపరిశోధనము

గద్వాల సంస్థానము ఒకనాడు విద్వద్గద్వాలయని ప్రసిద్ధి గాంచినది. ఆ ప్రభువుల ఆదరమున పండితులు శాస్త్రచర్చలు సల్పిరి, కవులు సత్కారములందిరి. నాటి చదువున గురువు చెప్పుట, శిష్యుడు వల్లించుట ప్రధానము. అయినను పండితసభలో పూర్వపక్షమునకు తావుండెను. ఇరువదవ శతాబ్దమున ఆ పూర్వపక్షమునకు ప్రయోగశాల కొత్త నెలవయ్యెను. గురువును శిష్యుడును ఒకే బల్లయొద్ద నిలిచి, ఇరువురికిని తెలియనిదానిని వెదకుట అచట అలవడెను. ఇందులకు ఒక తెలుగు శాస్త్రజ్ఞుని చరిత్ర చక్కని నిదర్శనము.

సూరి భగవంతముగారు 1909లో కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో జన్మించిరి. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, 1928లో కలకత్తా చేరి, చంద్రశేఖర వేంకటరామనుగారియొద్ద పరిశోధనకు పూనుకొనిరి. కాంతి పదార్థముపై బడి చెదరునప్పుడు అందు కొంత రంగు మారునని రామనుగారు ఆ యేడే ఫిబ్రవరి 28న కనుగొనిరి. ఆ పనిలో వారికి కె. ఎస్. కృష్ణన్‌గారు తోడుండిరి. ‘నేచరు’ పత్రికలో అచ్చయిన తొలి లేఖపై ఇరువురి పేళ్లును కలవు. కాని 1930లో నోబెల్ బహుమానము రామనుగారొక్కరికే లభించెను. కూడి చేసిన పనికి కీర్తిని పంచుట యెట్లను చిక్కు అప్పుడును ఉండెను, నేడును ఉన్నది.

ఆ మరుసటి యేడు, 1931లో, కాంతికణమునకు సహజమైన భ్రమణగుణము కలదని ప్రయోగపూర్వకముగా చూపు వ్యాసమును రామనుగారును భగవంతముగారును కలిసి ప్రకటించిరి. గురువు లోకప్రసిద్ధుడు, శిష్యునకు ఇంచుమించు ఇరువదిరెండేండ్ల ప్రాయము. అయినను పేళ్లు రెండును ప్రక్కప్రక్కనే అచ్చయ్యెను. ఇది కేవలము గురువు ఔదార్యము కాదు, పరిశోధనాధర్మము. కొలత ఊహకు ఎదురు తిరిగినచో, ఊహ గురువుదైనను మారవలసినదే. అచట వయస్సునకు గాని పదవికి గాని పెద్దరికము లేదు. ఆ కొలతకు చెమటోడ్చిన వాని పేరు మరుగుపడరాదు.

భగవంతముగారు 1932లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తున అధ్యాపకులైరి. తాము ఒకప్పుడు పొందిన మర్యాదను అచట తమతో పనిచేసినవారికి చూపిరి. గణితజ్ఞులగు వేంకటరాయుడుగారితో కలిసి 1939లో స్ఫటికముల నిర్మాణమును గూర్చిన వ్యాసమును, 1948లో సమూహసిద్ధాంతమును భౌతికశాస్త్రమునకు అన్వయించు గ్రంథమును వెలువరించిరి. ఆ గ్రంథముపైనను రెండు పేళ్లు కలవు.

1952 నుండి 1957 వరకు వారు ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులు. ఆ కాలముననే, 1956లో, రాయచూరు జిల్లాలోని గద్వాల తాలూకా విడివడి మహబూబునగరు జిల్లాలో చేరెను.

గట్టు వంటి గ్రామముల నుండి కళాశాలకు పోవు బాలుడు గురువు ఎదుట వినయముగా నిలుచుట ఉచితమే. కాని వినయమనగా మౌనము కాదు. గ్రంథాలయమున చదివి, సందేహమును మూటగట్టుకొని పోయి, దానిని గురువు ముందు విప్పినవాడే నిజమైన శిష్యుడు. ఆ సందేహమును ఆదరించినవాడే గురువు.