నెటాల్ వెళ్ళిన మన కుటుంబాలు, వారి పిల్లలు

మన సొసైటీ కార్యదర్శి గారు ఈ ఏటి సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాసి ఇవ్వమని కోరారు. మేము ఉర్దూ మీడియం పంతుళ్ళం. తెలుగులో ఎక్కడైనా ఒత్తు తప్పితే పెద్దలు మన్నించాలి. విషయం కోసం మాత్రం ఎక్కువ వెతకలేదు, అది మా బడి గుమ్మం దాకా వచ్చింది.

2017 జూలైలో సౌదీ అరేబియాలో, పనికోసం వచ్చిన పరదేశీయుల భార్యాపిల్లల మీద తలకు నెలకు 100 రియాళ్ళ రుసుము పెట్టారు. అది ఏటేటా వంద పెరిగి 2020 నాటికి 400 అయింది. భార్య, ముగ్గురు పిల్లలు ఉన్నవాడు ఆ లెక్కన నెలకు 1,600 రియాళ్ళు కట్టాలి. మధ్యరకం జీతగాళ్ళు తాళలేక ఇంటివాళ్ళను ఊరికి పంపేశారు. అలా మా బడికీ కొందరు పిల్లలు వచ్చారు. ఒక కుర్రవాణ్ణి "మీ ఊరేది బేటా?" అని అడిగాం. "జిద్దా" అన్నాడు. పక్కనున్న వాళ్ళ నానీ నొచ్చుకుని "కాదు సార్, మాది ఇక్కడే" అంది. రిజిస్టరులో నానీ చెప్పినదే వ్రాశాం. కానీ ఆ అబ్బాయి అబద్ధం ఆడలేదు కదా అని ఆ రాత్రి చాలాసేపు అనిపించింది.

తలకింత అని పన్ను వేయడం, పిల్లలకు కూడా వేయడం ఎక్కడో చదివినట్టు గుర్తొచ్చి పాత పుస్తకాలు తిరగేశాం. అది దక్షిణాఫ్రికాలోని నెటాల్ కథ.

నెటాల్ అప్పట్లో ఇంగ్లీషువారి వలస రాజ్యం. తెల్ల దొరలు అక్కడ చెరుకు తోటలు వేశారు. పని చేయడానికి స్థానిక జులూ ప్రజలు వాళ్ళకు కావలసినంతగా రాలేదు. అందుకని మన దేశం నుండి కూలీలను తెప్పించుకున్నారు. మద్రాసు రేవు నుండి బయలుదేరిన 'ట్రూరో' అనే ఓడ 1860 నవంబరు 16న 342 మందితో డర్బన్ చేరింది. 1866 నుండి 1874 వరకు మధ్యలో కొన్నేళ్ళు ఆగినా, 1911 దాకా ఓడలు పోతూనే ఉన్నాయి. మొత్తం 1,52,184 మంది వెళ్ళారు. వారిలో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసులోనే ఓడ ఎక్కారు. విశాఖపట్నం వాళ్ళు, ఉత్తర ఆర్కాటు వాళ్ళు అందులో చాలామంది. మన చిత్తూరు అప్పుడు ఉత్తర ఆర్కాటులోనిదే. ముస్లిములు పదిమందిలో ఒకరి కన్నా తక్కువే అయినా, మొదటి ఓడ నుండీ ఉన్నారు.

అయిదేళ్ళ ఒప్పందం. అగ్రిమెంటు అనే మాట కూలీల నోళ్ళలో నలిగి 'గిర్మిట్' అయింది. మొదటి ఏడు నెలకు 10 షిల్లింగులు, తరువాత ఏటికొక షిల్లింగు పెంపు, తిండి గింజలు దొరవే. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసేవారన్న ఫిర్యాదు 1872 నాటి విచారణ సంఘం ముందుకే వచ్చింది. ప్రతి నూరుగురు మగవాళ్ళకు 40 మంది ఆడవాళ్ళు ఉండాలని నియమం. కనుక కుటుంబాలు కూడా ఓడ ఎక్కాయి, చంకన పిల్లలతో. ఓడలో చోటు కట్టేటప్పుడు చిన్నపిల్లలిద్దరిని కలిపి ఒక పెద్దమనిషిగా లెక్కించేవారు. గిర్మిట్ మీద వేలిముద్ర తండ్రిది. పిల్లవాణ్ణి అడిగినవాళ్ళు ఎవరూ లేరు, కాస్త ఎదిగాక తోటలోకి దిగవలసింది మాత్రం వాడే.

ఇక్కడ మన వాళ్ళకు తెలియవలసిన ముచ్చట ఒకటుంది. వ్యాపారం కోసం సొంత టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళిన ముస్లిములు గుజరాత్ వైపు మేమన్లు, సూర్తీలు. గిర్మిట్‌లో వెళ్ళిన ఉర్దూ మాట్లాడే వాళ్ళ సంతతికి డర్బన్‌లో 'హైదరాబాదీలు' అన్న పేరు పడింది. చార్మినార్ ఎటువైపు ఉందో చూడని ఆర్కాటు వాళ్ళ మనుమలు కూడా ఆ పేరులోనే కలిసిపోయారు! మన దగ్గర పీర్ల పండుగ ఎలా అందరిదో అక్కడా అంతే. మొహర్రంకు తోటల నుండి హిందువులూ ముస్లిములూ కలిసి తాజియాలు తీసి ఉమ్‌గేనీ నదిలో నిమజ్జనం చేసేవారు. డర్బన్‌లో బాద్షా పీర్ దర్గా ఉంది. ఆయన ట్రూరోలో వచ్చిన గిర్మిట్ కూలీయేనని అక్కడివారు చెప్పుకుంటారు. 1895లో వెళ్ళిన సూఫీ సాహెబ్ ఉమ్‌గేనీ ఒడ్డున మస్జిద్ కట్టి, కూలీల పిల్లలకు మదర్సా నడిపారు. పగలంతా చెరుకులో ఉండి వచ్చిన పిల్లలకు అలిఫ్ బే నేర్పడం ఎంత కష్టమో బడిపంతులుగా మేము ఊహించగలం.

ఇక పన్ను సంగతి. గిర్మిట్ తీరినవారు కూరగాయలు పండించి, చిన్న అంగళ్ళు పెట్టి నిలదొక్కుకుంటుంటే తెల్లవారికి కంటగింపయింది. 1895లో చట్టం చేశారు. గిర్మిట్ ముగిశాక మళ్ళీ గిర్మిట్ వ్రాయాలి, లేదా దేశం వదలాలి, రెండూ కాదంటే ఏడాదికి 3 పౌన్లు కట్టాలి. 3 పౌన్లంటే 60 షిల్లింగులు. మొదటి ఏటి కూలీకి అది ఆరు నెలల జీతం. తరువాత 1903లో దాన్ని పిల్లల మీదకూ తెచ్చారు. కొడుకుకు 16, కూతురికి 13 నిండితే చాలు. తల్లి, తండ్రి, ఎదిగిన కొడుకు, కూతురు ఉన్న ఇంటికి ఏడాదికి 12 పౌన్లు! పదమూడేళ్ళ అమ్మాయి అంటే మా లెక్కలో ఎనిమిదో తరగతి. ఆ వయసు పిల్ల పేరున ఇంట్లో బాకీ పుడితే ఆ తండ్రి ఏం చేస్తాడు? మళ్ళీ గిర్మిట్ వ్రాస్తాడు. చట్టం కోరింది కూడా అదే.

మరో దెబ్బ 1913 మార్చిలో తగిలింది. హసన్ ఇసోప్ అనే ఆయన భార్య బాయి మరియం దేశంలోకి రాబోతే అధికారులు ఆపారు. కేసు కేప్ కోర్టుకు వెళితే, జడ్జి సెర్ల్ గారు బహుభార్యాత్వానికి వీలున్న మతాచారం ప్రకారం జరిగిన పెళ్ళి చెల్లదన్నారు. అంటే నికాహ్ అయినా, ఏడడుగులు నడిచినా ఒకటే. మన ఆడవాళ్ళు భార్యలు కారు, వారి పిల్లలకు వారసత్వమూ లేదు. ఆ ఏడు జరిగిన సత్యాగ్రహంలోకి ఆడవాళ్ళు దిగడానికి ఇదే ముఖ్య కారణం. న్యూకాజిల్ బొగ్గు గనుల దగ్గరకు వెళ్ళి కూలీలను సమ్మెకు పిలిచింది వారే. గాంధీ గారి పేరు అందరికీ తెలుసు, ఆ తల్లుల పేర్లు మన పాఠ్యపుస్తకాల్లో వెతికినా దొరకవు. 1914లో చట్టం చేసి 3 పౌన్ల పన్ను తీసేశారు. ఒక భార్యనూ, ఆమె మైనరు పిల్లలనూ ఒప్పుకున్నారు.

చదువు సంగతి కూడా చెప్పాలి. 1899లో తెల్లపిల్లల సర్కారు బడుల తలుపులు మన పిల్లలకు మూసేసి, డర్బన్‌లో వేరే బడి తెరిచారు. గాంధీ గారి పిల్లలకు మినహాయింపు దొరికేదే. మిగతా పిల్లలకు లేనిది తన పిల్లలకు వద్దని ఆయన ఇంట్లోనే చెప్పుకున్నారు. ఆ తరువాత చాలా బడులు మన వాళ్ళు చందాలు వేసుకుని కట్టుకున్నవే. భారత ప్రభుత్వ ప్రతినిధిగా 1927లో వెళ్ళిన శ్రీనివాస శాస్త్రి గారు పూనుకుంటే 1929లో శాస్త్రి కాలేజీ తెరిచారు. దానికీ జనం డబ్బే. ఆయన తరువాత ఆ పదవిలోకి మన తెలుగువారే, కూర్మా వెంకటరెడ్డి నాయుడు గారు వెళ్ళారు. అక్కడి తెలుగువారు ఆంధ్ర మహాసభ పెట్టుకున్నది ఆయన ఉన్న కాలంలోనే, 1931లో.

అన్నిటికన్నా మమ్మల్ని కలచినది తిరిగి వచ్చినవారి కథ. 1927 కేప్‌టౌన్ ఒప్పందం ప్రకారం, ఇండియాకు వెళ్ళిపోతే ఓడ ఖర్చుతో పాటు పెద్దవారికి 20 పౌన్లు, పిల్లలకు 10 ఇచ్చేవారు. ఇక్కడా పిల్లవాడు సగమే. అలా మద్రాసులో దిగిన పిల్లల్లో చాలామంది నెటాల్‌లో పుట్టినవారు. అమ్మానాన్నల ఊరు వారికి పరాయి దేశం. కొందరిని బంధువులే ఇంట్లోకి రానివ్వలేదు, పనీ దొరకలేదు. భవానీ దయాళ్ సన్యాసి, బనారసీదాస్ చతుర్వేది గార్లు 1931లో వీరి దుస్థితి మీద నివేదిక ప్రచురించారు. అది తెలిశాక మా జిద్దా కుర్రవాడి జవాబు మాకు వేరుగా వినిపించింది.

అక్కడే ఉండిపోయిన ఇళ్ళల్లో తరాలు గడిచేకొద్దీ ఇంగ్లీషే ఇంటి భాష అయింది. అయినా 1996 నాటి దక్షిణాఫ్రికా రాజ్యాంగం గౌరవించవలసిన భాషల పేర్లు చెబుతూ తమిళం, తెలుగు, ఉర్దూ అని వరుసగా వ్రాసింది. ఇంగ్లీషు అక్షర క్రమం వల్లనే పక్కపక్కన వచ్చాయి కాబోలు. చదివి సంతోషించాం.

ఓడల జాబితాలు డర్బన్‌లో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. కూలీ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది మచ్చలు, అన్నీ వ్రాసుకున్నారు. వాటి నకలు తీసుకుని తాతల ఊరు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళున్నారు. ఊరి పేర్లను ఆనాటి గుమాస్తాలు చెవికి తోచినట్టు ఇంగ్లీషులో వ్రాశారు కనుక పోల్చుకోవడం కష్టం. అలాంటి కాగితంతో ఎవరైనా మీ మొహల్లాకు గానీ మస్జిద్‌కు గానీ వస్తే, దయచేసి తిప్పి పంపకండి. బడి వేళ అయినా ఫరవాలేదు, మా దగ్గరకు తీసుకురండి. కూర్చుని చదువుదాం.