చున్నీ ముడి

పోయినేడాది ఆశ్రమానికి వెళ్ళేసరికి అమ్మమ్మ కుర్చీలో కూర్చునుంది. నడుం చుట్టూ చున్నీ, వెనకాల ముడి. "లేస్తే పడిపోతారండీ, ఆవిడ మంచికే," అంది ఆయా. అబద్ధం చెప్తున్నట్టు లేదు. నేనూ తలూపేశాను. అలా తలూపినందుకే తర్వాత కొన్ని రాత్రులు నిద్రపట్టక, ఈ కట్టెయ్యడం చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

సరిగ్గా ఆయా అన్న మాట మీదే అమెరికాలో నర్సింగ్ హోములు దశాబ్దాలపాటు నడిచాయి. (మన వీధుల్లో నర్సింగ్ హోమ్ అంటే చిన్న ప్రైవేటు ఆస్పత్రి. అక్కడ, ఇంట్లో చూసుకోలేని పెద్దవాళ్ళు ఉండిపోయే చోటు.) 1980ల్లో అక్కడ పదిమందిలో దాదాపు నలుగురిని బెల్టులతోనో, పట్టీలున్న జాకెట్లతోనో మంచానికో కుర్చీకో కట్టేసేవాళ్ళు. పడితే తుంటి విరుగుతుందని భయం, విరిగితే కేసు వేస్తారని ఇంకో భయం. కట్టకుండా నడిపినవాళ్ళు లేకపోలేదు. పెన్సిల్వేనియాలో క్వేకర్లు 1973లో తెరిచిన కెండల్‌లో ఆ అలవాటే లేదు. చివరికి 1987లో చట్టం వచ్చింది. సిబ్బంది సౌకర్యం కోసమో, క్రమశిక్షణ పేరుతోనో ఎవర్నీ కట్టకూడదంది.

మరి పడిపోతే?

1992లో మేరీ టినెట్టీ బృందం అచ్చువేసిన అధ్యయనం ఈ ప్రశ్న మీదే. కనెటికట్‌లో 12 నర్సింగ్ హోముల్లో, మొదట్లో కట్లు లేకుండా తిరుగుతున్న 397 మందిని ఏడాదిపాటు గమనించారు. ఆ తర్వాత కూడా కట్టనివాళ్ళలో 5 శాతం మందికి పడి గట్టి దెబ్బలు తగిలాయి. కట్టినవాళ్ళలో 17 శాతం మందికి. బలహీనుల్నే కట్టి ఉంటారు కదా అని నాకూ అనిపించింది. ఆ తేడాల్ని లెక్కలోకి తీసుకున్నా కట్టు కాపాడిన జాడ లేదు. ఆలోచిస్తే వింతేం కాదు. కదలనివ్వని కాళ్ళు సన్నబడతాయి. మంచానికి కమ్మీలు పెడితే, వాటిని దాటబోయి ఇంకాస్త ఎత్తునుంచి పడతారు.

కట్లకి బదులు వచ్చినవన్నీ మామూలు పనులే. ఎత్తు తక్కువ మంచం, పక్కన నేలమీద పరుపు, రాత్రి లైటు, జారని చెప్పులు, మత్తుమాత్రలు తగ్గించడం, అడక్కముందే బాత్రూంకి తీసుకెళ్ళడం. చాలామంది లేచేది దానికేగా! వీటిలో సగానికి పక్కన మనిషుండాలి. చున్నీకి జీతం ఇవ్వక్కర్లేదు. కోపెన్‌హాగెన్‌లో ఒకచోట తుంటి దగ్గర గట్టి చిప్పలున్న లోదుస్తులు ఇచ్చి చూశారు. ఆ ఫలితాలు 1993లో వచ్చాయి. అవి ఇచ్చినవాళ్ళలో ఎనిమిదిమందికి తుంటి విరిగింది. విరిగినప్పుడు ఆ ఎనిమిదిమందిలో ఒక్కరూ వాటిని వేసుకుని లేరు.

నేను చున్నీ తీయించాను. మూడోవారం అమ్మమ్మ పడింది. మోకాలు గీసుకుపోయింది. అమ్మ నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. అమ్మమ్మ మాత్రం ఫోన్‌లో దెబ్బ సంగతే ఎత్తలేదు. "గేటు దగ్గర మల్లెపొద దాకా నడిచాన్రా," అంది.