వెట్టినుండి పుట్టిన ‘రోబో’

వైజ్ఞానిక కల్పనాకథలు వ్రాయువారికి ఒక చిక్కు కలదు. లోకమున లేని వస్తువును వారు ఊహింతురు. దానికొక పేరు పెట్టవలెను. ఆ పేరు పాఠకునకు కొత్తగా తోచవలెను గాని బొత్తిగా అర్థము కాకపోరాదు. అందుచేత తరచుగా పాత మాటనే పట్టి కొత్త పనికి నియోగింతురు. ఇంగ్లండు రచయిత హెచ్. జి. వెల్స్ 1895లో ప్రకటించిన నవలలో, కాలమునందు ప్రయాణించు యంత్రమునకు ‘టైమ్ మెషీన్’ అని పేరిడెను. యంత్రము నేటికిని లేదు; మాట మాత్రము స్థిరపడినది. విలియం గిబ్సన్ 1982లో ఒక కథలో వాడిన ‘సైబర్‌స్పేస్’ నేడు ప్రభుత్వ పత్రములలో సైతము కానవచ్చుచున్నది.

ఇట్టి మాటలలో మన పిల్లలకు మిక్కిలి పరిచితమైనది ‘రోబో’. దీని పుట్టుపూర్వోత్తరములు విచారింపబోయినచో మనము యంత్రశాలకు గాక పొలము గట్టునకు చేరుదుము.

నాటి చెకోస్లొవేకియా రచయిత కారెల్ చాపెక్ 1920లో ‘ఆర్. యు. ఆర్.’ అను నాటకమును ప్రకటించెను. 1921 జనవరిలో ప్రాగ్ నగరపు నేషనల్ థియేటరున దానిని ప్రదర్శించిరి. ఒక ద్వీపమునందలి కర్మాగారములో మనుష్యులవంటి పనివారిని తయారుచేసి దేశదేశములకు అమ్ముచుందురు. వారు మనము బొమ్మలలో చూచునట్టి ఇనుప మనుష్యులు కారు. పిండివలె కలిపిన ఒకానొక జీవద్రవ్యముతో చేసినవారు. వారి నరములను వడుకుటకు వేరుగా ఒక మిల్లు కూడ ఉండును. చూచుటకు మనకును వారికిని భేదము తెలియదు. జీతము లేదు, విశ్రాంతి లేదు, కోరిక లేదు. తుదకు వారు తిరుగబడి మానవజాతిని నిర్మూలింతురు. అల్క్విస్ట్ అను ఒక్కనిని మాత్రము చంపక విడుతురు. ఏలయన, ఆతడు భవనములు కట్టువాడు, తమవలెనే చేతులతో పని చేయువాడు! ఆ నాటకములో నాకు మరపురాని ఘట్టమిదియే.

ఈ పనివారికి ఏమి పేరు పెట్టవలెనో చాపెక్‌కు మొదట తోచలేదు. ‘లాబొరీ’ అందమనుకొనెను, అది మరీ పుస్తకముల భాషగా కనబడినది. ఆతని అన్న జోసెఫ్ చిత్రకారుడు. తమ్ముడు పోయి అడుగునప్పటికి అన్న బొమ్మ వేయుచున్నాడు. నోట కుంచె కరచుకొనియే, ‘రోబోట్లు’ అని పిలువుమని గొణిగి తన పనిలో మునిగిపోయెనట. ఈ సంగతిని కారెల్ 1933లో ఒక పత్రికలో స్వయముగా వ్రాసి, మాట తనది కాదని, కీర్తి అన్నకే చెందవలెనని తెలిపెను. ఇట్టి నిజాయితీ రచయితలలో అరుదు.

చెక్ భాషలో ‘రోబోత’ యనగా రైతు తన ప్రభువు పొలములో కూలి లేకుండ చేయవలసిన చాకిరి. 1775లో బొహీమియా రైతులు తిరుగబడగా, మేరియా థెరీసా రాణి ఆ చాకిరి వారమునకు మూడు దినములకు మించరాదని శాసించెను. మూడు దినములనునదే దయ యైనచో, అంతకుముందటి స్థితిని పాఠకులే ఊహించుకొనవచ్చును. 1848లో గాని అది పూర్తిగా రద్దు కాలేదు. జోసెఫ్ పుట్టినది 1887లో. అనగా నలుబది యేండ్లు నిండలేదు.

మనకిది కొత్త సంగతి కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున ‘విష్టి’ అని పేర్కొన్నది ఈ చాకిరియే. నిజాము పాలనలోని తెలంగాణమున చాకలి, మంగలి, కుమ్మరి మొదలగు వృత్తులవారు దొరలకును అధికారులకును ఊరక చేసిన వెట్టియు ఇదియే. 1946లో ఆరంభమైన రైతాంగ పోరాటమునకు అదియొక ముఖ్యకారణము.

‘రోబోత’కు మూలమైన స్లావు శబ్దమునకు ‘దాసుడు’ అని అర్థము. భాషాశాస్త్రజ్ఞులు దానిని ఇంకను వెనుకకు గొనిపోయి, దిక్కులేని బిడ్డ, దుర్బలుడు అను అర్థముగల ఒక ప్రాచీన ధాతువును చూపుదురు. గ్రీకులో అనాథకు ‘ఓర్ఫనోస్’ అను పేరు ఆ ధాతువునుండియే వచ్చినది. సంస్కృతమున దాని సంతానము ‘అర్భ’, ‘అర్భక’ శబ్దములు. మనము బలహీనుని ‘అర్భకుడు’ అందుము గదా! ఆ అర్భకునికి రోబో దూరపు చుట్టము. దిక్కులేని బిడ్డ ఇంట దాసుడగుట, దాసుని పని వెట్టి యగుట, వెట్టివాని పేరు యంత్రమునకు వచ్చుట — ఒక్క మాటలో ఎంత దూరపు ప్రయాణము!

1922లో న్యూయార్కునందును, 1923లో లండనునందును నాటకమును ఆడిరి. మాట ఆంగ్లమున పడినది, పనివారు క్రమముగా ఇనుమైరి. రష్యాలో పుట్టి బాల్యముననే అమెరికా చేరిన ఐజక్ అసిమోవ్, 1941లో ఒక కథలో ‘రోబోటిక్స్’ అను శాస్త్రనామమును వాడెను. అది అంతకుముందే ఉన్నదని భ్రమపడి వాడితినని తరువాత చెప్పుకొనెను. 1942 కథలో ఆయన రోబోట్లకు మూడు సూత్రములు విధించెను. మానవునికి హాని చేయరాదనునది మొదటిది. దానికి విరుద్ధము కానంతవరకు మానవుని ఆజ్ఞను పాలించి తీరవలెననునది రెండవది. వెట్టి వాసన ఇంకను వదలలేదు.

మాటను పుట్టించిన జోసెఫ్‌ను నాజీలు 1939లో బంధించిరి. నిర్బంధ శిబిరములనుండి శిబిరములకు త్రిప్పగా, 1945లో బెర్గెన్-బెల్సెన్ శిబిరమున ఆయన మరణించెను.

తెలుగువారు దీనిని ‘మరమనిషి’ అనిరి. మాట చక్కనిదే; బియ్యపుమర, పిండిమర ఎరిగిన పల్లెవానికి వెంటనే తెలియును. అయితే అది దేహమును చెప్పును, దశను చెప్పదు. పైగా చాపెక్ పాత్రలకు మరయే లేదు. 2010లో వచ్చిన తమిళ చిత్రమునకు తమిళులు యంత్రశబ్దమునుండి ‘ఎందిరన్’ అని పేరు చేసికొనగా, అదే చిత్రము తెలుగున ‘రోబో’ యైనది. చెక్ వారి వెట్టిమాట తుది అక్షరము విడిచి మన యింటికి వచ్చినది.

ఇకముందెవరైన ఆ నాటకమును తెలుగు చేయబూనినచో, ‘రోబోట్’ అను చోట ‘వెట్టివాడు’ అని వ్రాసి చూడవలెనని నా కోరిక. తెలంగాణమున పెద్దలెవరైన ప్రక్కన కూర్చుండి వినినచో, ఆ ద్వీపమున జరుగుచున్నదేమో మొదటి అంకముననే వారికి తెలిసిపోవును.